వేసవిలో కట్టే జట్టు



అమెరికాలో ఎన్‌బీఏ అనే వృత్తి బాస్కెట్‌బాల్ లీగ్ ఉంది. మొత్తం 30 జట్లు. టొరంటో జట్టు ఒక్కటే కెనడాది, మిగతావన్నీ అమెరికా నగరాలవి. అక్టోబరులో ఆట మొదలవుతుంది. జూన్‌లో కప్పు ఎవరిదో తేలుతుంది. అక్కడ రాత్రిపూట ఆడే ఫైనల్ మనకు పొద్దున్నే ఆరు గంటల వేళ టీవీలో వస్తుంది. కాఫీ గ్లాసు చేత పట్టుకుని చూసేవాళ్లు మీలోనూ ఉంటారు. ఎప్పుడూ చూడనివాళ్లు ఉన్నా పరవాలేదు. ఇవాళ నా మాటలన్నీ ఆట ఆగిపోయిన తర్వాతి మూడు నెలల గురించే.

జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా, అంటే అక్కడి వేసవిలో, ఆ లీగ్‌లో అసలు పోటీలు ఉండవు. బంతి కదలదు. కానీ వచ్చే ఏడాది కప్పు ఎవరి చేతికి అందే వీలుందో చాలావరకు ఆ మూడు నెలల్లోనే ఖాయమైపోతుంది. ఎవరిని తెచ్చుకున్నారు, ఎవరిని వదులుకున్నారు అన్న లెక్క అది.

ఎందుకలా? క్రికెట్ మనకు బాగా తెలుసు కదా. పదకొండు మంది. ఎంత గొప్ప బ్యాటరైనా అవుటైతే వచ్చి కూర్చోవాలి. ఎంత గొప్ప బౌలరైనా వన్డేలో పది ఓవర్లే వేయాలి. బాస్కెట్‌బాల్ అలా ఉండదు. కోర్టు మీద ఒక్కో జట్టుకు ఐదుగురే. ఆట 48 నిమిషాలు. పెద్ద మ్యాచ్ అయితే మంచి ఆటగాడు నలభై నిమిషాల దాకా కోర్టులోనే ఉంటాడు. బంతి మళ్లీ మళ్లీ అతని చేతికే వస్తుంది. మరుక్షణం వెనక్కి పరిగెత్తి ప్రత్యర్థిని అడ్డుకోవాల్సింది కూడా అతనే. అందుకే ఐదుగురిలో ఒక్కరు మారినా జట్టు తీరే మారిపోతుంది.

ఆటగాణ్ణి తెచ్చుకోవడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. ఏటా జూన్‌లో కొత్త కుర్రాళ్లను జట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎంచుకుంటాయి. అది డ్రాఫ్ట్. ఒప్పందం ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో మాట్లాడుకోవచ్చు. అతను ఫ్రీ ఏజెంట్. మూడోది ట్రేడ్, అంటే మార్పిడి. మీ మనిషిని మాకివ్వండి, మా మనిషిని మీరు తీసుకోండి అన్న బేరం. ఒక్కోసారి మనిషికి బదులు, రాబోయే డ్రాఫ్ట్‌లో తమకు వచ్చే వంతును కూడా ఇచ్చేస్తారు.

జీతాల మొత్తానికి లీగే ఒక హద్దు పెట్టింది. యజమాని కోటీశ్వరుడు కదా అని నచ్చినవాళ్లందరినీ కొనేయడం కుదరదు. హద్దు దాటి ఉన్న జట్టు ట్రేడ్‌లో ఒక పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకోవాలంటే, దాదాపు అంత జీతం తీసుకునేవాళ్లను ఇవ్వాలి. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. తెచ్చుకోవాలంటే వదులుకోవాలి. నేను చెప్పబోయే కథలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

ముందు ఓక్లహోమా సిటీకి వెళ్దాం. అక్కడి జట్టు పేరు థండర్. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్‌లతో పోలిస్తే చిన్న నగరం. 2023-24 సీజన్‌లో జట్టులో ఎక్కువమంది పాతికేళ్లు దాటని కుర్రాళ్లే. 82 ఆటల్లో 57 గెలిచి పశ్చిమ విభాగంలో మొదటి స్థానంలో నిలిచారు. అయినా సీజన్ చివర కప్పు కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో, అంటే నాలుగు ఆటలు ముందుగా గెలిచినవారే ముందుకు వెళ్లే పోటీల్లో, రెండో రౌండ్‌లో డాలస్ చేతిలో ఓడిపోయారు. డాలస్ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మీ పిల్లలో మనవలో అక్కడుంటే ఆ ఏడాది సందడి ఫోనులో వినే ఉంటారు. డాలస్ జట్టు ఫైనల్స్ దాకా వెళ్లింది.

సరే, థండర్ ఎలా ఓడింది? రెండు లోట్లు బయటపడ్డాయి. ఒకటి, గురి తప్పిన బంతి రింగుకు తగిలి పైకి లేస్తుంది చూడండి, దాన్ని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. డాలస్ దగ్గర బాగా పొడుగు, మంచి బలం ఉన్న కుర్రాళ్లు ఇద్దరున్నారు. రింగు దగ్గర థండర్ వాళ్లు వారిని తట్టుకోలేకపోయారు. రెండోది, జాష్ గిడ్డీ అనే ఆస్ట్రేలియా కుర్రాడి సంగతి. తోటివాడికి బంతి అందించడంలో అతనిది నిజంగా గొప్ప చూపు. కానీ దూరం నుంచి వేయడంలో గురి తక్కువ. డాలస్ వాళ్లు అతన్ని కాపలా లేకుండా వదిలేశారు. అతన్ని కాయాల్సిన మనిషి వెళ్లి షే గిల్జస్-అలెగ్జాండర్ దారికి అడ్డం నిలబడ్డాడు. షే అంటే థండర్‌కు ఆయువుపట్టు. అలా ఒక్కరి బలహీనత ఇంకొకరి కాళ్లకు బంధం వేసింది. సిరీస్ ముగిసేలోపే గిడ్డీని మొదటి ఐదుగురిలోంచి తప్పించి బెంచీ మీద కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఇక ఆ వేసవి. థండర్ జనరల్ మేనేజర్ శామ్ ప్రెస్టీ. అతని దగ్గర ఏళ్ల తరబడి కూడబెట్టిన డ్రాఫ్ట్ వంతులున్నాయి. వాటితో ఏ మహా తారనైనా అడగవచ్చు. అడగలేదు. గిడ్డీని షికాగోకు ఇచ్చి అలెక్స్ కరూసోను తెచ్చుకున్నాడు. ఒకరికి ఒకరు, అంతే. ఫ్రీ ఏజెంట్‌గా ఉన్న ఐజయా హార్టెన్‌స్టైన్‌ను న్యూయార్క్ నుంచి రప్పించాడు.

ఈ కరూసో ఎవరు? డ్రాఫ్ట్‌లో 30 జట్లలో ఒక్కటీ ఎంచుకోని మనిషి. మొదట్లో ఇదే థండర్ వారి చిన్న లీగ్ జట్టులో ఆడి, అక్కడి నుంచి పైకి వచ్చాడు. పాయింట్లు పెద్దగా చేయడు. ఎదుటి జట్టులో మొనగాడెవరో చూసి, వాడికి ఊపిరాడకుండా చేయడం అతని పని. హార్టెన్‌స్టైన్ ఏడడుగుల మనిషి. రింగు దగ్గర గోడలా నిలబడతాడు. పైకి లేచిన బంతి అతనిదే.

చూశారా? రీబౌండ్లు పోయాయి కాబట్టి రీబౌండ్లు పట్టేవాణ్ణి తెచ్చారు. ఎదుటివాళ్లు వదిలేయగల ఆటగాడి చోట, ఎదుటివాళ్లను వదలని ఆటగాణ్ణి తెచ్చారు. పోయిన ఏడాది ఎందుకు ఓడిపోయాం? వేసవి మొదట్లో ఆ ప్రశ్న వేసుకుని, దానికి వచ్చిన జవాబునే వెతుక్కుంటూ వెళ్లారు. నేను ఇవాళ మీకు చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే. వేసవిలో ఎంత పెద్ద పేరు తెచ్చారన్నదానికంటే, ఏ లోటు చూసి తెచ్చారన్నది గెలుపును ఎక్కువ నిర్ణయిస్తుందని నా నమ్మకం.

ఫలితం చూడండి. 2024-25లో 68 గెలుపులు. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో డెన్వర్‌తో పోరు ఏడో ఆట దాకా వెళ్లింది. డెన్వర్‌కు నికోలా యోకిచ్ ఉన్నాడు. లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి మూడుసార్లు అందుకున్న సెర్బియా వీరుడు. ఆరడుగుల పదకొండు అంగుళాలు. అతని మీదికి థండర్ కోచ్ ఎవరిని పంపాడు? అతనికంటే అర అడుగు పొట్టివాడైన కరూసోను. నడుము వంచి, మోకాళ్లలో బలం పెట్టి, యోకిచ్ చేతికి బంతి అందకుండా ముందుకొచ్చి నిలబడ్డాడు కరూసో. థండర్ 32 పాయింట్ల తేడాతో గెలిచింది. ఆ పోరులో అతని పేరు పక్కన కనిపించే పాయింట్లు చూస్తే అతను చేసిన పని అర్థం కాదు. ఆట చూడాలి. తర్వాత ఫైనల్స్‌లో ఇండియానాను, అదీ ఏడో ఆటలో, ఓడించి కప్పు ఎత్తారు.

గిడ్డీ ఏమయ్యాడంటారా? షికాగోలో అతనికి బంతి చేతికిచ్చి జట్టును నడపమన్నారు. చక్కగా రాణించాడు. ఒకచోట అడ్డమైన మనిషి ఇంకోచోట అక్కరకొచ్చాడు. అంటే అతనిలో లోపం ఉందని కాదు, ఆ ఐదుగురిలో అతను ఇమడలేదు.

ఇప్పుడు ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. థండర్‌కు ఆయువుపట్టు అన్నానే, ఆ షే వాళ్ల దగ్గరికి ఎలా వచ్చాడు? 2019 వేసవిలో. కవాయ్ లెనార్డ్ అనే మహా ఆటగాడు ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. లాస్ ఏంజెలెస్ క్లిప్పర్స్ అతని కోసం చేయి చాచారు. కవాయ్‌కి పక్కన మరో గట్టి తోడు కావాలి. ఆ తోడు పాల్ జార్జ్. అతను అప్పుడు ఓక్లహోమాలో ఉన్నాడు. జార్జ్ కోసం క్లిప్పర్స్ ఏమిచ్చారో వినండి. ఐదు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ వంతులు. మరో రెండేళ్లు వంతులు మార్చుకునే హక్కు. అనుభవం ఉన్న ఒక ఆటగాడు. వీటితో పాటు లీగ్‌లో ఒక్క ఏడాదే ఆడిన కుర్రాడు, ఈ షే.

ఆ రోజు చూస్తే అది తెలివితక్కువ బేరం అనలేం. ఒకే బేరంతో ఇద్దరు పెద్ద ఆటగాళ్లు వచ్చారు. నేనైనా ఒప్పుకునేవాడినే. కానీ ఆ జంట క్లిప్పర్స్‌ను ఒక్కసారి కూడా ఫైనల్స్‌కు చేర్చలేకపోయింది. గాయాలు వదల్లేదు. 2024లో పాల్ జార్జ్ ఫ్రీ ఏజెంట్‌గా ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు. క్లిప్పర్స్‌కు అతని బదులు ఒక్క ఆటగాడూ రాలేదు. ఇటు ఓక్లహోమా రెండేళ్లు ఘోరంగా ఓడింది. ఓడుతూనే కుర్రాళ్లను పెంచింది. క్లిప్పర్స్ నుంచి వచ్చిన వంతుల్లో ఒకదానితో 2022లో జేలెన్ విలియమ్స్‌ను ఎంచుకుంది. 2025 ఫైనల్స్ ఐదో ఆటలో 40 పాయింట్లు చేసినవాడు అతనే. ఆ ఫైనల్స్‌లో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచింది షే. ఇద్దరూ ఒకే బేరంలోంచి వచ్చినవాళ్లు. 2019లో చేసిన సంతకం 2025లో కప్పయింది. అది కూడా, ఆ రోజు ఓడిపోయినట్టు కనిపించిన పక్షానికి.

తెచ్చుకోవాలంటే వదులుకోవాలి అన్నాను. ఆ వదులుకునేది ఒక మనిషి అని మనం మరిచిపోతుంటాం. అందుకే టొరంటో కథ చెప్పకుండా ఉండలేను.

టొరంటో రాప్టర్స్‌లో డెమార్ డిరోజన్ అనే ఆటగాడు ఉండేవాడు. 2009లో డ్రాఫ్ట్‌లో వచ్చాడు. లాస్ ఏంజెలెస్ పక్కన కాంప్టన్ అతని సొంత ఊరు. అంతకుముందు టొరంటోలో పేరు తెచ్చుకున్న తారలు ఒక్కొక్కరే ఆ ఊరు వదిలి వెళ్లిపోయారు. చలి ఎక్కువ, పరాయి దేశం. డిరోజన్ వెళ్లలేదు. 2016లో వెళ్లే అవకాశం వచ్చినా మళ్లీ టొరంటోకే సంతకం చేశాడు. 2018లో తన మనసును కుంగదీసే దిగులు గురించి బహిరంగంగా మాట్లాడాడు. అంతటి ఆటగాడు నోరు విప్పడం ఎందరికో ధైర్యమిచ్చింది. ఆ ఊరు అతన్ని సొంత బిడ్డగా చూసుకుంది.

కానీ టొరంటో మూడేళ్లు వరుసగా లెబ్రాన్ జేమ్స్ ఉన్న క్లీవ్‌ల్యాండ్ చేతిలో ఓడింది. చివరి రెండుసార్లు నాలుగుకు నాలుగూ ఓడింది. పోయిన ఏడాది ఎందుకు ఓడిపోయాం? వాళ్లూ ఆ ప్రశ్న వేసుకున్నారు. జవాబు చేదుగా ఉంది. ప్లేఆఫ్స్ చివరి నిమిషాల్లో అవతలి మహా ఆటగాడికి సమానంగా నిలిచి, రెండువైపులా ఆడగల మనిషి తమ దగ్గర లేడు. 2018 జులైలో జట్టు అధ్యక్షుడు మసాయి ఉజిరి డిరోజన్‌ను శాన్ ఆంటోనియోకు ఇచ్చి కవాయ్ లెనార్డ్‌ను తెచ్చాడు. కవాయ్ గాయంతో ముందు సీజన్‌లో 9 ఆటలే ఆడాడు. ఒప్పందం చూస్తే ఇక ఒక్క ఏడాదే. ఆ తర్వాత ఉంటాడో లేదో ఎవరికీ తెలియదు. డిరోజన్ తనను పంపించరనే నమ్మకంతో ఉన్నాడు. తమ మధ్య మాటల్లో జరిగిన పొరపాటుకు ఉజిరి బహిరంగంగానే క్షమాపణ చెప్పాడు.

అదే ట్రేడ్‌లో డానీ గ్రీన్ కూడా వచ్చాడు. వార్తల్లో అతనిది చివరి వాక్యం. కానీ దూరం నుంచి గురి, ఎదుటివాణ్ణి నిలువరించే కాళ్లు, రెండూ ఉన్నవాడు. ఆ సీజన్‌లో అతను టొరంటో మొదటి ఐదుగురిలో ఒకడు.

2019 మే నెల. ఫిలడెల్ఫియాతో ఏడో ఆట. స్కోరు 90-90. గడియారంలో కొన్ని సెకన్లు. కవాయ్ కుడిపక్క మూలకు పరిగెత్తి, ఏడడుగుల మనిషి చేతుల మీదుగా బంతి వేశాడు. గంట మోగింది. బంతి రింగు మీద పడింది. ఎగిరింది. మళ్లీ పడింది. మళ్లీ ఎగిరింది. అలా నాలుగుసార్లు తగిలి లోపలికి జారింది. నెల తర్వాత టొరంటో కప్పు గెలిచింది. అమెరికా బయటి జట్టు ఎన్‌బీఏ గెలవడం అదే మొదటిసారి. జులైలో కవాయ్ క్లిప్పర్స్‌కు వెళ్లిపోయాడు. ఒక్క ఏడాది, ఒక్క కప్పు.

ఇందులో అదృష్టం లేదా? ఉంది. ఫైనల్స్‌లో ఎదురుపడ్డ గోల్డెన్ స్టేట్ జట్టులో కెవిన్ డ్యురాంట్, క్లే థాంప్సన్ ఇద్దరూ గాయపడ్డారు. రింగు మీద ఆ బంతి బయటికి జారినా జారేది. వేసవిలో చేయగలిగింది అదృష్టం తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండేలా చూసుకోవడమే. టొరంటో ఆ ట్రేడ్ చేసి ఉండకపోతే ఆ తలుపు దాకా వచ్చేది కాదు. బేరం సరైనదేనని నేను అంటాను. డిరోజన్‌కు జరిగింది నొప్పి కలిగించే విషయమేననీ అంటాను. ఊరేగింపులో టొరంటో వీధులు జనంతో నిండిపోయిన రోజున, తొమ్మిదేళ్లు ఆ జట్టుకు ఆడినవాడు శాన్ ఆంటోనియో ఆటగాడిగా ఉన్నాడు.

మరి పెద్ద పేర్లన్నీ ఒకచోట చేరిస్తే? 2003 వేసవిలో లాస్ ఏంజెలెస్ లేకర్స్ అదే చేశారు. అప్పటికే షకీల్ ఓనీల్, కోబీ బ్రయంట్ ఉన్నారు. కార్ల్ మలోన్, గేరీ పేటన్ తక్కువ జీతానికి వచ్చి చేరారు. నలుగురూ చరిత్రలో నిలిచే ఆటగాళ్లు. మలోన్‌కు 40 ఏళ్లు. ఫైనల్స్‌లో డెట్రాయిట్ వాళ్లు ఒక్క ఆట తప్ప అన్నీ గెలిచి వీళ్లను ఓడించారు. మలోన్ మోకాలి గాయం ఒక కారణం, నిజమే. కానీ ఒకే వేదిక మీద నలుగురు గాత్ర విద్వాంసులను కూర్చోబెట్టి, మృదంగానికి మనిషిని పిలవడం మరిచినట్టయింది ఆ జట్టు. డెట్రాయిట్ చూడండి. బెన్ వాలెస్ డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాడు. చాన్సీ బిలప్స్ నాలుగైదు జట్లు తిరిగి వచ్చినవాడు. ఎవరి పని వాళ్లకు తెలుసు.

పెద్ద పేర్లు ఎప్పుడూ పనికిరావని మాత్రం అనుకోకండి. 2007లో బోస్టన్ సెల్టిక్స్ ఒకే వేసవిలో కెవిన్ గార్నెట్‌ను, రే అలెన్‌ను తెచ్చి పాల్ పియర్స్ పక్కన నిలబెట్టారు. ముందు ఏడాది 24 గెలుపులు, ఆ ఏడాది 66 గెలుపులు, చివరికి కప్పు. అక్కడ ముగ్గురి పనులు వేరు. గార్నెట్ కోటను కాచాడు. అలెన్ దూరంగా నిలబడి బంతి వస్తే వేశాడు. పియర్స్ బంతి నడిపాడు. ఒకరి చోటుకు ఒకరు అడ్డం రాలేదు.

చివరగా అదే బోస్టన్, 2023. ఈ కథ నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఇందులో ఒకరు వదులుకున్నదే ఇంకొకరికి కప్పయింది. మిల్వాకీ జట్టు 2021లో కప్పు గెలిచింది. అందులో జ్రూ హాలిడే ఉన్నాడు. ఎదుటివాళ్ల మొనగాణ్ణి కట్టడి చేయడంలో దిట్ట. 2023 సెప్టెంబరు చివర్లో మిల్వాకీ వాళ్లు పోర్ట్‌లాండ్ నుంచి డేమియన్ లిలార్డ్‌ను తెచ్చారు. లిలార్డ్ దూరం నుంచి పాయింట్ల వాన కురిపించేవాడు. పెద్ద పేరు. అతని కోసం హాలిడేను వదులుకున్నారు. హాలిడే పోర్ట్‌లాండ్ లెక్కలోకి వెళ్లాడు. కొద్ది రోజులకే, అక్టోబరు మొదటి తేదీన, బోస్టన్ అతన్ని పోర్ట్‌లాండ్ నుంచి తెచ్చేసుకుంది. తూర్పు విభాగంలో మిల్వాకీకి గట్టి పోటీదారు బోస్టనే! 2024లో మిల్వాకీ మొదటి రౌండ్‌లోనే ఇంటికెళ్లింది. వారి నాయకుడు యానిస్ అంటెటొకుంపో గాయంతో ఆడలేదన్న మాట చెప్పాలి. బోస్టన్ కప్పు గెలిచింది. డాలస్‌తో ఫైనల్స్‌లో ప్రత్యర్థి తారలను కాసిన వాళ్లలో హాలిడే ముందువరుసలో ఉన్నాడు.

కానీ జీతాల హద్దు గురించి చెప్పాను కదా. 2023లో వచ్చిన కొత్త ఒప్పందంతో లీగ్ దాని పైన మరింత కఠినమైన గీత గీసింది. ఆ గీత దాటిన జట్టు పన్ను కట్టడమే కాదు, ట్రేడ్‌లలో ఇద్దరి జీతాలు కలిపి ఒక పెద్ద ఆటగాణ్ణి అడిగే వీలు కూడా పోగొట్టుకుంటుంది. గెలిచిన జట్టును అలాగే నిలుపుకోవడం ఇప్పుడు చాలా కష్టం. 2025 మే నెలలో బోస్టన్ తార జేసన్ టేటమ్ మడమ పైనుండే స్నాయువు తెగి కూలబడ్డాడు. జీతాల భారం దించుకోక తప్పలేదు. ఆ వేసవిలో హాలిడేను మళ్లీ పంపించేశారు. ఎక్కడికి? పోర్ట్‌లాండ్‌కే. అదే వేసవిలో మిల్వాకీ గాయపడిన లిలార్డ్‌ను మిగిలిన ఒప్పందం డబ్బు విడతలుగా చెల్లించేలా వదిలేసింది. అతను కూడా తన పాత ఊరు పోర్ట్‌లాండ్‌కే సంతకం చేశాడు. 2023లో ఒకరికి బదులుగా ఒకరు చేతులు మారిన ఆ ఇద్దరూ అలా ఒకే జట్టు చొక్కా వేసుకున్నారు.